కూల్చామన్నది ఎవరు, చూసింది ఎవరు?

సంపాదకుడు గారికి,

ఉక్రెయిన్ యుద్ధం మీద గత వారం మీరు వేసిన రెండు వార్తలు చదివి, పోనీలే అని ఊరుకోలేక రాస్తున్నాను. మొదటి పేజీలో ‘రష్యా క్షిపణులు దాదాపు అన్నీ కూల్చివేత’. విదేశీ వార్తల పేజీలో ‘లక్ష్యాలన్నీ ఛేదించిన రష్యా’. రాత్రి ఒకటే, దాడి ఒకటే. కూలిపోయిన క్షిపణులే వెళ్లి లక్ష్యాలను కొట్టాయా? ‘అని కీవ్ తెలిపింది’, ‘అని మాస్కో ప్రకటించింది’ అన్న ముక్కలు మాత్రం వార్త అడుగున, కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనపడవు.

1991 గల్ఫ్ యుద్ధం వార్తలు చదివినవాళ్లం ఇంకా ఉన్నామండీ. ఫిబ్రవరి 15న అప్పటి అమెరికా అధ్యక్షుడు పెద్ద బుష్, వచ్చే క్షిపణులను గాల్లోనే కూల్చే పేట్రియాట్ వ్యవస్థ తయారీ ఫ్యాక్టరీకే వెళ్లి ఇరాక్ వేసిన 42 స్కడ్ క్షిపణుల్లో 41 అడ్డుకున్నామన్నారు. సరిగ్గా పది రోజులకు సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో బ్యారక్ మీద స్కడ్ పడి 28 మంది అమెరికా సైనికులు పోయారు. వంద గంటలు ఆపకుండా నడిపేసరికి ఆ పేట్రియాట్ గడియారం సెకనులో మూడో వంతు తప్పింది. వచ్చే క్షిపణి దానికి ఆనలేదు. మరుసటేడు అమెరికా కాంగ్రెస్ ఆడిట్ సంస్థే లెక్క తీస్తే, స్కడ్ వార్‌హెడ్ (పేలుడు భాగం) ధ్వంసమైందనడానికి గట్టి ఆధారం దొరికినవి 9 శాతం!

ఇప్పటి పేట్రియాట్ అప్పటిది కాదు, ఒప్పుకుంటాను. కానీ చెప్పే నోళ్లు అవే. 2023 మే 16న ఒక్క రాత్రే ఆరు కింజాల్ అనే రష్యా క్షిపణులను కూల్చామంది ఉక్రెయిన్. అసలు అన్ని మేం వేయనే లేదన్నారు అప్పటి రష్యా రక్షణ మంత్రి షోయిగు. పైగా పేట్రియాట్‌నే ధ్వంసం చేశామంది రష్యా. దెబ్బ తగిలింది గానీ పనిచేస్తూనే ఉందన్నారు అమెరికా అధికారులు. ఆ జూన్‌లో ఉక్రెయిన్ సైన్యం లెపర్డ్ ట్యాంకులు పేల్చామని రష్యా రక్షణ శాఖ విడుదల చేసిన వీడియోలో ఉన్నవి పొలంలో నిలిపిన వ్యవసాయ యంత్రాలు! నవ్వుకున్నాం. నాలుగు రోజులు తిరక్కుండానే ఉక్రెయిన్‌లోని మాలా టోక్‌మాచ్‌కా దగ్గర నిజం లెపర్డ్‌లే కాలిపోయిన ఫొటోలు వచ్చాయి. అబద్ధం చెప్పినవాడి మాట మర్నాడు నిజమూ కావచ్చు, అందుకే శకలం చూడాలి. అది చూసి చెప్పేవాళ్లా? తమ సైన్యం గురించి ‘తప్పుడు సమాచారం’ అంటే రష్యాలో జైలు. దెబ్బ తగిలిన చోటు ఫొటోలు పెట్టడంపై ఉక్రెయిన్‌లో ఆంక్షలు.

మనమేం తక్కువ? 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ వేళ మన టీవీలు కరాచీ రేవును కూర్చున్న చోటి నుంచే ధ్వంసం చేసేశాయి. ఆకాశ్ క్షిపణి మన హైదరాబాద్‌లో తయారైందని నాకూ గర్వమే, అంతమాత్రాన వీడియో గేమ్ క్లిప్పులు చూపించి నమ్మమంటే ఎలా?

అసలు జబ్బు ఇంట్లోనే ఉంది. కాలువల్లో నూరు శాతం పూడిక తీశామని కమిషనర్ గారంటే అలాగే అచ్చేస్తారు. జిల్లా పేజీలో మోకాలి లోతు నీళ్లలో బడిపిల్లల ఫొటో. అడిగే విలేకరే లేడు. ఒకప్పుడు మీ పత్రికలో అధికారి మాటకు పక్కనే స్థానికుడి మాట ఉండేది. ఇప్పుడు ప్రెస్‌నోటే వార్త.

క్షిపణి పొడవు, బరువు, వేగం అంటూ అర పేజీ రంగుల గ్రాఫిక్ వేస్తున్నారు, అమ్మేవాడి కరపత్రంలాగా. ఆ జాగాలో రెండు గడులు పెట్టండి: ఎవరు చెప్పారు, శకలం ఎవరు చూశారు. రెండో గడి ఖాళీగా ఉన్నా మాకు ఫర్వాలేదు.

— ఒక పాత చందాదారు, తెనాలి