కాలేజీ సరే, ట్యూటరమ్మకు నేర్పేదెవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయినవారం మీ జిల్లా పేజీలో కొత్త నర్సింగ్ కాలేజీ ప్రారంభోత్సవం ఫొటో చూశాను. రిబ్బను, శాలువాలు, వేదిక పట్టనంతమంది నాయకులు. అక్కడ పాఠం చెప్పాల్సిన ట్యూటర్లు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా కనిపించలేదు.

మెడికల్ కాలేజీల పక్కనే 157 నర్సింగ్ కాలేజీలు పెట్టడానికి కేంద్ర కేబినెట్ 2023 ఏప్రిల్‌లో 1,570 కోట్లు ఆమోదించింది. సంతోషం. భవనాలు లేస్తాయి, ప్రాక్టీసుకు మనిషి బొమ్మలొస్తాయి. మరి చెప్పేవాళ్లు? వార్డులో ఉన్న స్టాఫ్ నర్సు చేతిలో డిప్యుటేషన్ ఆర్డరు పెట్టి, సోమవారం నుంచి క్లాసుకెళ్లమంటారు. శనివారం దాకా ఐసీయూలో వెంటిలేటర్లు చూసుకున్న మనిషి!

నేను ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మా వార్డులో ఒక సిస్టర్ ఉండేది. పసిబిడ్డకైనా, నరాలు దొరకని ముసలివాళ్లకైనా ఒక్క పోటుకే క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) పెట్టేది. అందుకే ఆమెను ట్యూటరుగా వేశారు. నర్సింగ్ విద్యార్థులు చుట్టూ మూగితే పట్టీ కట్టడం, సూది దించడం, ప్లాస్టరు వేయడం అన్నీ రెప్పపాటులో అయిపోయాయి. "చూశారుగా, ఇక మీరు చెయ్యండి" అంది. వాళ్లకేం కనిపించింది, ఆమె మోచెయ్యి తప్ప? చేతికి అలవాటైపోయిన పనిని విడగొట్టి, ఆగి ఆగి చూపించడం వేరే విద్య. అది ఆమెకెవరూ నేర్పలేదు. రాత్రిళ్లు పాత ట్యూటరు లెసన్ ప్లాన్ మక్కీకి మక్కీ ఎక్కించుకోవడం, పొద్దున ఎవరేం అడుగుతారోనని టెన్షన్. చివరికి వార్డుకే పంపించండని దరఖాస్తు పెట్టుకుంది.

ఎమ్మెస్సీలో నర్సింగ్ ఎడ్యుకేషన్ సబ్జెక్టు ఉందిగా అంటారు. ఉంది, పరీక్ష రాస్తారు, అయిపోతుంది. డాక్టరు టీచర్లకైతే బోధన మీద బేసిక్ కోర్సు ఉండాలని నేషనల్ మెడికల్ కమిషన్ పట్టుబడుతుంది. నర్సమ్మ మాత్రం తన తిప్పలు తనే పడాలి కాబోలు.

పదిమంది విద్యార్థులకు ఒక టీచరుండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో ఆ లెక్క ఇన్‌స్పెక్షన్ రోజున భేషుగ్గా సరిపోతుంది. ఎక్కడెక్కడి మొహాలో వచ్చి రిజిస్టరులో సంతకాలు చేసి పోతాయి. మర్నాడు ఉన్న నలుగురే అన్ని క్లాసులూ చూసుకోవాలి, వార్డుల్లో విద్యార్థుల్నీ చూసుకోవాలి. ఇవన్నీ అధికారులకు తెలియవా? అన్నీ తెలుసు.

అడిగేది పెద్దదేం కాదు. కొత్త ట్యూటరుకు మొదటి ఏడాది ఒక సీనియర్‌ని జత చెయ్యండి. ఆ సీనియర్ కొత్త ట్యూటరు క్లాసులో వెనక బెంచీలో కూర్చుని వినాలి, క్లినికల్స్‌కు (వార్డులో ప్రాక్టీసుకు) వెంట వెళ్లాలి, విద్యార్థులు చేసిన పనులు రాసుకునే ప్రొసీజర్ బుక్కులు ఎలా దిద్దాలో పక్కన కూర్చుని చూపించాలి. ఆ గంటలను డ్యూటీ కింద రాయండి, లేకపోతే ఎవరూ చెయ్యరు. సీనియర్లు లేరనకండి. రిటైరైన సిస్టర్ ట్యూటర్లు జిల్లాకు ఎంతమంది లేరు? ఆటో ఖర్చులిచ్చి మర్యాదగా పిలిస్తే చాలు, వస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు