ఒక్కరికి గది ఎందుకివ్వరు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన నవంబరులో నేను ఒక్కదాన్నే రామేశ్వరం వెళ్ళొచ్చాను. నా వయసు 61. తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. మా ఆయన పోయి నాలుగేళ్ళయింది, పిల్లలకు సెలవులు దొరకవు. తోడు దొరికేదాకా కూర్చుంటే అప్పటికి మోకాళ్ళు ఏమంటాయో అని తిరుపతిలో రైలెక్కేశాను. "వానల్లో అటెందుకమ్మా, ఎండాకాలం పోదాంలే" అని మా అబ్బాయి ఫోన్లో ఒకటే గోల. ముసురు పట్టినప్పుడు అక్కడ జనం పలచగా ఉంటారని విన్నాను. నాకు కావలసిందీ అదే.

మండపం స్టేషన్లో రైలు ఆపేశారు. రామేశ్వరం దీవిని ఒడ్డుతో కలిపే పాంబన్ వంతెన దగ్గర గాలి మోతాదు మించితే దాని మీదికి రైలును వదలరు. 2025 ఏప్రిల్లో ప్రారంభమైన కొత్త వంతెనకైనా ఆ జాగ్రత్త తప్పదు. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోడి వెళ్ళే ప్యాసింజరు మనుషులతో సహా కొట్టుకుపోయింది ఆ దీవిలోనే కదా. అందుకే పెట్టెలో ఎవరూ విసుక్కోలేదు. దిగి, బస్సు పట్టుకుని, రోడ్డు వంతెన మీదుగా దీవిలోకి వెళ్ళాం. కిటికీ సందులోంచి జల్లు కొడుతోంది. కింద సముద్రానికి, పైన ఆకాశానికి తేడా తెలియడం లేదు.

ఇంతవరకూ నాకు ఏ ఇబ్బందీ లేదు. టెన్షన్ మొదలైంది లాడ్జి కౌంటరు దగ్గర.

"తనియావా వందీంగ?" అన్నాడు గుమస్తా. ఒక్కరే వచ్చారా అని. చిత్తూరులో పుట్టి పెరిగినదాన్ని, అరవం నాకు కొత్త కాదు. అవునన్నాను. రిజిస్టరులో నా పేరు సగం రాసినవాడు పెన్ను మూత పెట్టేసి, సింగిల్‌కు రూమ్ లేదమ్మా అన్నాడు. వెనక చెక్క పలక మీద తాళాలు వరసగా వేలాడుతున్నాయి, పదికి తక్కువ ఉండవు. ఇద్దరి బాడుగ కడతానన్నా ఒప్పుకోలేదు. రెండో చోటా అంతే. మూడో చోట కాస్త మర్యాదగా, "ఎవరినైనా వెంటబెట్టుకుని రండమ్మా" అన్నారు. నాలుగో చోట అడిగేసరికి గొడుగు కడ్డీ విరిగింది, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళదాకా తడిశాయి.

నన్ను తిప్పుతున్న ఆటో అబ్బాయికే జాలేసింది. "మా అమ్మ అని చెప్తాను, నా ఆధార్ కూడా పెట్టేద్దాం" అన్నాడు. ఐదో లాడ్జిలో అదే చేశాం. రెండు జిరాక్సులు తీసుకుని, రిజిస్టరులో రెండు పేర్లు రాసుకుని, తాళం చేతిలో పెట్టారు. అతను ఆటో తోలుకుంటూ వెళ్ళిపోయాడు. దేవుడి దయవల్ల మంచివాడు. కానీ చూడండి, నా మంచికేనని చెప్పే ఈ నియమం, గంట క్రితం దాకా ముఖమైనా తెలియని మగమనిషి పేరును నా గది లెక్కలో చేర్చింది. ఒంటరిగా ఉంటే ప్రమాదమట, అబద్ధమాడితే క్షేమమట!

ఆ తర్వాత మూడు రోజులూ బాగా గడిచాయి, అదీ చెప్పాలి. గుడిలో 22 తీర్థాల దగ్గరా తొక్కిసలాట లేదు. పైనుంచి వాన, ఎదురుగా బకెట్‌తో తోడి పోసే మనిషి, ఏ నీళ్ళు ఏవో తెలియలేదు. మూడో ప్రాకారంలో ఆ పొడుగాటి స్తంభాల వరస పక్కన గంటసేపు ఊరికే కూర్చున్నాను. ధనుష్కోడిలో కూలిన చర్చి గోడల దగ్గర నేనూ, టీ అమ్మే ఒకామే తప్ప ఎవరూ లేరు. "భయం లేదా?" అని ఆమె అడగలేదు, "చక్కెర ఎంత?" అని అడిగింది.

ఇది రామేశ్వరం మీద ఫిర్యాదు అనుకోకండి. తిరుపతికి తిరిగొచ్చాక మన బస్టాండు చుట్టుపక్కల కావాలనే నాలుగు లాడ్జిల్లో అడిగి చూశాను. రెండు చోట్ల అదే జవాబు, కాకపోతే తెలుగులో. మన ఊరికి ఒంటరిగా వచ్చేవాళ్ళు ఎంతమంది! పరీక్ష రాయడానికి వచ్చే ఆడపిల్లలు, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళను చూడ్డానికి వచ్చే పెద్దవాళ్ళు, మొక్కు తీర్చుకోవడానికి వచ్చేవాళ్ళు. 2021 నవంబరులో వరదొచ్చి ఘాట్ రోడ్లు మూసినప్పటి రోజులు ఊరంతా మరిచిపోయిందా? అలాంటి వానలో, రాత్రి తొమ్మిదింటికి, చేతిసంచీతో ఒక్కరే నిలబడితే ఎక్కడికి పోవాలి?

లాడ్జివాళ్ళ భయం నాకు తెలియనిది కాదు. మా వీధిలో ఒకాయన లాడ్జి నడుపుతాడు. ఒంటరిగా దిగినవాళ్ళెవరైనా గదిలో ఏదైనా చేసుకుంటే పోలీసు స్టేషన్ చుట్టూ తిరగలేక చస్తామని, ఆ గదిలోకి ఆరు నెలలు ఎవరూ రారని చెప్పాడు. ఆయన మాటలో నిజముంది. అయితే ఆ భయం తీర్చాల్సింది ప్రయాణికులు కాదు, పోలీసులు. గుర్తింపు కార్డు చూసి, ఇంటివాళ్ళ ఫోన్ నంబరు రాసుకుని గది ఇచ్చిన యజమానిని అనవసరంగా ఇబ్బంది పెట్టబోమని జిల్లా పోలీసులు రాతపూర్వకంగా చెబితే సగం సమస్య తీరుతుంది. మిగతా సగం కార్పొరేషన్ చేతిలో ఉంది. ఒంటరివారికి గది నిరాకరించకూడదని లైసెన్సు షరతుల్లో ఒక్క వాక్యం చేర్చి, ఫిర్యాదు నంబరును కౌంటరు దగ్గర పెద్దక్షరాలతో పెట్టించాలి.

రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్ళలోకి ప్రవేశం విషయంలో స్త్రీ, పురుష భేదం చూపకూడదంటుంది. పెళ్ళికాని జంట హోటల్ గదిలో దిగడాన్ని ఏ చట్టమూ నిషేధించలేదని మద్రాసు హైకోర్టు 2019లోనే చెప్పింది. ఇద్దరికి లేని అడ్డు ఒక్కరికి ఎక్కడినుంచి వచ్చిందో ఏ గుమస్తానైనా చెప్పగలడా?

ఆ ఆటో అబ్బాయి మళ్ళీ వస్తే ఫోన్ చేయమని నంబరిచ్చాడు. వచ్చే వానలకు వెళ్దామనే ఉంది. ఈసారి మాత్రం రిజిస్టరులో నా పేరొక్కటే రాయించుకోవాలని ఉంది.

— ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి