పది రూపాయల క్లిప్పు అమ్మరు, ప్యాడ్ మొత్తం కొనమంటారు

కస్టమర్ కేర్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: నా మినీ లారీ డ్రైవర్ వైపు డోర్ ప్యాడ్ (డోరు లోపలి వైపు కప్పి ఉండే అట్ట) ఊడిపోవడం, మీ సర్వీస్ సెంటర్‌లో చేసిన నాసిరకం పని, ప్యాడ్‌ను డోరుకు పట్టి ఉంచే క్లిప్పులు విడిగా అమ్మకపోవడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

మాది కోనసీమలో కొత్తపేట దగ్గర. మీ కంపెనీ 2011 మోడల్ మినీ లారీకి ఓనర్నీ నేనే, డ్రైవర్నీ నేనే. అంబాజీపేట నుంచి కొబ్బరికాయలు, రావులపాలెం మార్కెట్ నుంచి అరటి గెలలు, సీజన్‌లో కడియం నర్సరీ మొక్కలు తోలుతుంటాను. ఇంజన్ మీద నాకు ఇప్పటికీ ఒక్క కంప్లయింట్ లేదు. ఉన్నమాట చెప్పాలి కదా, అందుకే బండి మార్చలేదు. ఈ ఉత్తరం డోరు గురించి మాత్రమే.

ఈసారి వానలు మొదలవకముందు డ్రైవర్ వైపు అద్దం కిందికి దిగి మళ్ళీ పైకి రాలేదు. గ్లాస్ మిషన్ పోయింది. ఒరిజినల్ పార్టు వేస్తారని మీ అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే ఇచ్చాను. మిషన్ మార్చారు, బిల్లు కట్టాను. అద్దం ఇప్పుడు బాగానే ఎక్కి దిగుతోంది. కానీ బండి ఇంటికి తెచ్చుకున్న కొద్ది రోజులకే డోర్ ప్యాడ్ కింది అంచు లేచిపోయింది. ముందు వేలు పట్టేంత సందు, తర్వాత చెయ్యి దూరేంత. చివరికి డోరు వేద్దామని పిడి పట్టుకుని లాగితే డోరు కంటే ముందు ప్యాడ్ చేతికొచ్చేది. కాగితాలు, నీళ్ళ బాటిల్ పెట్టుకునే అర అయితే పూర్తిగా వేలాడేది.

కాలవ గట్టు రోడ్ల సంగతి మీకు తెలియకపోవచ్చు. లోడుతో వెళ్తుంటే ఆ ప్యాడ్ చెవి పక్కనే టకటకా కొట్టుకుంటూనే ఉండేది. శబ్దమే కదా అని మీ వాళ్ళు నవ్వారు. రాత్రిపూట బండి తోలేవాడికి చెవులే సగం కళ్ళు. టైరు తేడా చేసినా, తాడు వదులైనా ముందు శబ్దంలోనే తెలుస్తుంది. ఆ మోతలో అవేవీ వినపడేవి కావు.

బండి మళ్ళీ అదే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. సర్వీస్ అడ్వైజర్ గారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, "పాత బండి కదండీ, వైబ్రేషన్ ఉంటుంది" అన్నారు. ఊడిన చోట రెండు సెల్ఫ్ స్క్రూలు బిగించి పంపేశారు. చేసిన పని రాసే జాబ్ కార్డు కూడా తెరవలేదు. మర్నాడు అద్దం దింపితే లోపల ఏదో గీరుకున్న చప్పుడైంది. ఒక స్క్రూ పొడుగెక్కువై, మొన అద్దానికి తగులుతోంది. అద్దం మీద జానెడు గీత పడింది. రాత్రి సైడ్ మిర్రర్‌లో వెనక బండి లైటు పడినప్పుడల్లా సరిగ్గా చూపు పడే చోట ఆ గీత మెరుస్తోంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు.

ఆ మధ్యలోనే మీ కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి సర్వీస్‌కి పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగింది. ఉన్న సంగతి చెప్పబోతే, "కామెంట్ తీసుకోవడానికి ఉండదు సర్, నంబర్ మాత్రమే చెప్పండి" అంది. ఆ అమ్మాయిని అని లాభం లేదు. ఆ ప్రశ్నలు తయారుచేసినవాళ్ళు ఈ ఉత్తరం చదివితే బాగుండును.

తర్వాత వానలు పట్టాయి. వాన పడ్డప్పుడల్లా కాళ్ళ కింద మ్యాట్ తడిసిపోయేది. మ్యాట్ తడవడం వైబ్రేషన్ వల్ల కాదు గదా. రావులపాలెంలో సీట్లు కుట్టే షాపు ఆయన దగ్గర నా కళ్ళ ముందే డోరు విప్పించాను. అద్దం తిప్పే హ్యాండిల్ వెనక గుడ్డముక్క దూర్చి అటూ ఇటూ లాగి లాకు తీశాడు, పిడి స్క్రూలు విప్పాడు, ఆ తర్వాత కింది నుంచి ఒక్కో క్లిప్పు పక్కనే బద్ద పెట్టి ప్యాడ్ లేపాడు. మీ మెకానిక్ ఈ పద్ధతి పాటించలేదని ప్యాడ్ వెనక్కి తిప్పగానే తెలిసిపోయింది. క్లిప్పులు పట్టుకుని ఉండాల్సిన చోట అట్ట చిరిగి రంధ్రాలు గుంటలైపోయాయి. బద్ద పెట్టకుండా చేత్తో పట్టుకుని ఒక్క లాగు లాగితే జరిగేది అదే. సగం క్లిప్పులు అసలు లేనే లేవు. ఉన్నవాటిలో కూడా కొన్నిటికి తలలు విరిగిపోయాయి, కాళ్ళు మాత్రం డోరు రేకులో ఇరుక్కుని ఉన్నాయి.

అసలు సంగతి దాని వెనకాల ఉంది. ప్యాడ్‌కీ డోరు రేకుకీ మధ్య నల్ల జిగురుతో అతికించి ఒక ప్లాస్టిక్ షీటు ఉంటుంది. దాని పనేమిటో మీ ఇంజనీర్లకు చెప్పే అవసరం లేదు గానీ, మీ సర్వీస్ సెంటర్‌లో చెప్పాల్సిన అవసరం ఉన్నట్టుంది. వాన పడితే అద్దం మీద నుంచి కారే నీళ్ళు కొంతవరకు డోరు లోపలికి దిగుతాయి. ఆ నీళ్ళు డోరు అడుగున ఉన్న చిన్న రంధ్రాల గుండా బయటికి పోవాలి. అవి ప్యాడ్ వైపు, క్యాబిన్ వైపు రాకుండా ఆపేది ఆ షీటే. మిషన్ మార్చేటప్పుడు మీ వాళ్ళు దాన్ని అడ్డంగా కోసి, చేతికి అడ్డం లేకుండా కిందికి మడిచి వదిలేశారు. ఆ మడత పోయి డోరు అడుగున రంధ్రాలకు అడ్డం పడింది. నీళ్ళు బయటికి పోయే దారి లేదు, లోపలికి రాకుండా ఆపేది లేదు. ప్యాడ్ అట్ట నానిపోయి ఉబ్బింది. చిరిగిన రంధ్రాలు ఇంకా పెద్దవై, మిగిలిన క్లిప్పులు కూడా వదిలేశాయి. డోరు అడుగున తుప్పు అప్పుడే మొదలైంది. గాలిలో తేమ ఎప్పుడూ తగ్గని మా వైపు తుప్పు ఒకసారి మొదలైతే ఆగదు.

మీ బిల్లులో లేబర్ కింద వేరే, కన్స్యూమబుల్స్ కింద వేరే డబ్బులు వేశారు. ఆ కన్స్యూమబుల్స్‌లో షీటు అతికించే జిగురు లేదా అని అడుగుతున్నాను.

షీటు మేం కొత్తది కోసి అతికించుకున్నాం. డోరు రంధ్రాలు పుల్లతో శుభ్రం చేశాం. ఇక కావలసింది క్లిప్పులే. మీ స్పేర్ పార్ట్స్ కౌంటర్‌కి వెళ్ళి పాత క్లిప్పు చూపించాను. విడిగా రాదండీ, ప్యాడ్ అసెంబ్లీ తీసుకోవాలన్నారు. ధర ఆరు వేలకు పైనే. అది కూడా స్టాకులో లేదు, డబ్బు మొత్తం ముందు కడితే ఆర్డర్ పెడతారట, ఎప్పుడొస్తుందో చెప్పలేరట. పార్ట్ నంబర్ అయినా రాసివ్వమంటే బయటికి ఇవ్వకూడదన్నారు. రాజమండ్రిలో విడిభాగాల షాపులో వేరే బండి క్లిప్పు కొలత చూసుకుని కొన్నాను. ఒక్కోటి పది రూపాయలు. కొంచెం వదులుగా ఉంది గానీ పట్టింది. బయట కొట్లో దొరికే వస్తువు తయారుచేసినవాళ్ళ దగ్గర దొరకకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

పాత బండికి ఉచితంగా ఏదైనా చేసిపెట్టమని అడగడం లేదు. వారంటీ ఎప్పుడో అయిపోయింది, ఆ సంగతి నాకు తెలుసు. నేను అడిగేది మీరు డబ్బు తీసుకుని చేసిన పని గురించి. చిరిగిన ప్యాడ్, గీత పడ్డ అద్దం రెండూ మీ సర్వీస్ సెంటర్ ఖర్చుతో మార్చాలి. డోరు అడుగున తుప్పు గీకించి ప్రైమర్ వేయించాలి. ఈ మోడల్ డోర్ క్లిప్పులు, ప్లాస్టిక్ షీటు విడిగా అమ్మాలి, వాటి పార్ట్ నంబర్లు అడిగినవాళ్ళకి ఇవ్వాలి. మా వైపు ఈ మోడల్ బండ్లు ఇంకా చాలానే తిరుగుతున్నాయి. వాటిలో ఎన్నిటికి డోర్ ప్యాడ్‌లు తాడుతో కట్టి ఉన్నాయో రావులపాలెం మార్కెట్ దగ్గర తెల్లవారుజామున ఒక గంట నిలబడితే మీకే తెలుస్తుంది.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. వాహనాలు కూడా అందులో ఉన్నాయి. వస్తువు కొన్నవాడికి రిపేరు సమాచారం, విడిభాగాలు అందుబాటులో ఉండాలన్నదే దాని ఉద్దేశం. కౌంటర్‌లో నాకు చెప్పిన మాట దానికి పూర్తిగా విరుద్ధం.

లారీ వ్యాపారం కిందికి వస్తుంది కాబట్టి నేను వినియోగదారుణ్ణి కాదని మీ లీగల్ వాళ్ళు అనొచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం మాత్రమే వాడుకునే వస్తువు వ్యాపార ప్రయోజనం కిందికి రాదు. నాకున్నది ఈ ఒక్క బండే, స్టీరింగ్ పట్టేది నేనే.

15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. బండి చూడాలంటే లోడు లేని రోజు నేనే తీసుకొస్తాను, కానీ ఈసారి డోరు విప్పేటప్పుడు పక్కన నేను ఉంటాను. విరిగిన క్లిప్పులు, కోసేసిన షీటు ముక్క, ఆ పొడుగు స్క్రూ అన్నీ దాచి ఉంచాను.

ఇట్లు,
మినీ లారీ యజమాని, డ్రైవరు
కొత్తపేట మండలం, కోనసీమ

జతపరచినవి: గ్లాస్ మిషన్ మార్చిన బిల్లు, ఆర్‌సీ నకళ్ళు, డోరు లోపలి భాగం, అద్దం మీద గీత ఫోటోలు, రాజమండ్రిలో క్లిప్పులు కొన్న రసీదు.