కథ విని బొమ్మ గీసే రోజు ఒకటి ఇప్పించండి

శ్రీకాకుళం జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నమస్కారం. ఈమధ్య మా దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు కోతి, మొసలి కథ చెప్పి బొమ్మ వేయమన్నారు. బోర్డు మీద నమూనా ఏమీ గీయలేదు. మూడో తరగతి పాప ఒకతి నేరేడు చెట్టుకు బదులు జీడిచెట్టు వేసింది, పండు కింద వేలాడే పిక్కతో సహా. నదికి వంతెన పెట్టి, దాని మీద ఆటో నడిపింది. అది నాగావళి అట!

ఇలాంటి రోజు జిల్లాలోని ప్రతి ప్రాథమిక బడిలోనూ జరిపించండి. తేదీ వెతకక్కర్లేదు. చందమామ ముఖచిత్రాలతో ఇంటింటికీ తెలిసిన 'వపా', వడ్డాది పాపయ్య గారు, 1921 సెప్టెంబర్ 10న పుట్టింది మన శ్రీకాకుళంలోనే. ఆ రోజు చాలు.

పోటీ మాత్రం వద్దండీ. బహుమతి అనగానే పెద్దవాళ్ల చెయ్యి పడుతుంది. ఇక జిల్లా అంతా ఒకటే బొమ్మ: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన గుడిసె. క్రేయాన్లు, డ్రాయింగ్ షీట్లు టీచర్ల జేబులోంచి కాకుండా బడి నిధుల నుంచి కొనేలా సర్క్యులర్ ఇప్పించండి. ఫొటోలు యాప్‌లో పెట్టమని దయచేసి అడగకండి, ఉన్న టెన్షన్ చాలు వాళ్లకి.

ఇంకొక్క మాట. కథ పుస్తకంలోదే కానక్కర్లేదు. మెళియాపుట్టి, మందస వైపు సవర అవ్వలను, ఇచ్ఛాపురంలో ఒడియా మాట్లాడే తాతలను బడికి పిలిచి, వాళ్ల భాషలోనే చెప్పనివ్వండి.

ఇట్లు,
ఒక విద్యార్థి తండ్రి, శ్రీకాకుళం