పిక్క దగ్గర చిన్న కట్

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. మ్యూనిక్‌లో ఇసార్ నది గట్టున నిలబడి దిగిన నీ ఫొటో చేరింది. నాన్న నీ ముఖం చూసి చిక్కిపోయావన్నారు. నా చూపు ముందు ప్యాంటు మీదకే పోయింది. ముప్పై ఏళ్లుగా మిషను మీద కూర్చున్నదాన్ని, అలవాటు పోదు కదమ్మా. నడుం దగ్గర బాగా కూర్చుంది. సీటు దగ్గర ముడత లేదు. కానీ కింద అంచు సరిగ్గా పిక్క లావుగా ఉండే చోట ఆగిపోయింది. ఇంకో అంగుళంన్నర దిగి పిక్క సన్నబడే చోట ఆగి ఉంటే నీ కాలు ఇంకా పొడుగ్గా కనబడేది. సైడ్ కుట్టు కూడా పెద్దది చేసి చూశాను. కట్ లేదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

నువ్వు రాసిన గొడవ చదివి మూడు వారాలైంది. ఆ కాప్రి ప్యాంటు మాదేనని, ఇటలీలోని కాప్రి ద్వీపంలోనే పుట్టిందని మీ ఇటలీ రూమ్మేటు అంటుంది. కాదు, అది ఈ మ్యూనిక్‌లోనే పుట్టిందని మీ ఇంటావిడ అంటుంది. ‘నువ్వు టైలరువి కదా, నువ్వే చెప్పమ్మా’ అని నన్నడిగావు. ఆ మాట నాకెంత సంతోషం కలిగించిందో నీకు తెలియదు. షాపు మూసిన తర్వాత రోజూ ఓ గంట కూర్చుని చదివాను. ఇదిగో, నాకు తోచింది రాస్తున్నాను.

మీ ఇంటావిడ మాట ఉత్తదేం కాదు. సోన్యా డి లెనార్ట్ అని ఒకామె ఉండేది. 1920లో బ్రెస్లావ్‌లో పుట్టింది. ఆ ఊరు అప్పుడు జర్మనీలో ఉండేది, ఇప్పుడు పోలండులో ఉంది, పేరు కూడా మారి వ్రోత్స్‌వాఫ్ అయింది. యుద్ధం అయ్యాక ఆమె నువ్వున్న మ్యూనిక్‌లోనే దుస్తుల సెలూన్ నడిపింది. బాంబులకు సగం కూలిన ఊరు. గుడ్డ దొరకని కాలం. మిలటరీ దుప్పట్లు కత్తిరించి కోట్లు, పారాచూట్ పట్టు విప్పి జాకెట్లు కుట్టుకున్న రోజులవి. అలాంటి చోట కూర్చుని ఆమె తన దుస్తులకు ఒక ఎండ ద్వీపం పేరు పెట్టింది. ఇంటిల్లిపాదికీ కాప్రి అంటే ఇష్టమట. ఆమె ఒక్కతే కాదు, ఆ రోజుల్లో కాప్రి జాలర్ల మీద వచ్చిన ఒక పాట జర్మనీలో ఇంటింటా మోగింది. చలిలో, శిథిలాల మధ్య బతికేవాళ్లకు ఆ సముద్రం ఎంత తియ్యగా తోచి ఉంటుందో చూడు.

ఆమె కాప్రి కలెక్షన్‌లో వెడల్పు ఘేరు ఉన్న స్కర్టు, దాని మీద పెద్ద బెల్టు, బ్లౌజు ఉండేవి. 1948లో వాటికి ప్యాంటు జతచేసింది. అప్పటికి ఆడవాళ్ల ప్యాంటంటే సినిమా తారలు మార్లీన్ డీట్రిక్, క్యాథరిన్ హెప్‌బర్న్ వేసుకున్న తరహావే. మగవాళ్ల కొలతకే కుట్టినట్టు వెడల్పుగా, మడమల దాకా వేలాడుతూ ఉండేవి. అవి ఆమెకు నచ్చలేదు. కాలికి దగ్గరగా పట్టేలా సన్నం చేసింది, మూడొంతుల పొడవుకి కుదించింది, కింద పక్కన చిన్న కట్ పెట్టింది.

ఇప్పుడు మీ రూమ్మేటు వైపు. ఎమిలియో పూచీది ఫ్లోరెన్స్‌లో పేరున్న జమీందారీ కుటుంబం. మంచి స్కీయింగ్ ఆటగాడు, 1932 చలికాలపు ఒలింపిక్స్‌కి ఇటలీ జట్టుతో వెళ్లాడు. 1947లో స్విట్జర్లాండులోని జెర్మాట్‌లో తాను తయారుచేసిన స్కీ దుస్తులు ఒక అమెరికన్ ఫొటోగ్రాఫర్ కంట పడ్డాయి. మరుసటి ఏడాది ఆ ఫొటోలు ‘హార్పర్స్ బజార్’ అనే ఫ్యాషన్ పత్రికలో అచ్చయ్యాయి. ఆ తర్వాత 1950 ప్రాంతంలో కాప్రిలో మరీనా పిక్కోలా ఒడ్డున దుకాణం తెరిచాడు. ‘ఎమిలియో ఆఫ్ కాప్రి’ అని లేబులు. పడవ దిగి వచ్చిన డబ్బున్న ఆడవాళ్లు అక్కడ సన్నటి పొట్టి ప్యాంట్లు, రంగు రంగుల చొక్కాలు కొనుక్కుని వాటితోనే ఊరికి వెళ్లారు. మంచు మీద జారేవాడికి ఒంటికి పట్టిన బట్ట విలువ తెలుసు. అందుకే అతని ప్యాంటు కాలికంత బాగా అతికింది.

మూడో మనిషి ఒకడున్నాడు, వాళ్లిద్దరిలో ఎవరూ అతని పేరెత్తలేదు. లండన్‌లో బనీ రోజర్ అనే కూటూరియే, అంటే పెద్దింటి వాళ్లకి ఖరీదైన దుస్తులు రూపొందించేవాడు, ఉండేవాడు. యుద్ధంలో ఇటలీలో పోరాడినవాడు, సొగసుకు పెట్టింది పేరు. 1949లో ఈ ప్యాంటు రూపొందించింది అతనేనని ఇంగ్లండు వాళ్లు రాస్తారు.

ఒకటి 1948, ఒకటి 1949, ఒకటి 1950 ప్రాంతం. మూడు దేశాలు, ఒకే ప్యాంటు. ఒకరిది ఒకరు దొంగిలించారని నేననను. ఒకే ఎండాకాలం ముగ్గురు టైలర్లు చేతుల్లేని జాకెట్టు కుట్టడం మన బజార్లోనే చూశాను.

అసలు ఆ పొడవు ఈ ముగ్గురిలో ఎవరిదీ కాదమ్మా. పేర్లు విను, నీకే తెలుస్తుంది. ఇటలీ వాళ్లు దాన్ని ‘పెస్కతోరా’ ప్యాంటు అంటారు, అంటే జాలరి తీరు ప్యాంటని. ఫ్రెంచి వాళ్లది ‘కోర్సేర్’, స్పెయిన్ వాళ్లది ‘పిరాతా’, రెండూ సముద్రపు దొంగల పేర్లే. అమెరికాలో ‘క్లామ్ డిగ్గర్’ అన్నారు, ఒడ్డున బురదలో ఆల్చిప్పలు తవ్వుకునేవాళ్ల పేరు. ‘పెడల్ పుషర్’ అనీ అన్నారు, గొలుసులో గుడ్డ చిక్కకుండా సైకిలు తొక్కేవాళ్ల పేరు. ఎక్కడ చూసినా నీళ్లలోనో బురదలోనో చక్రం మీదో కాళ్లతో పనిచేసేవాళ్లే. మీ అమ్మమ్మ ఊడ్పులకి దిగేటప్పుడు చీర పిక్కల పైదాకా ఎగదోపుకునేది, గుర్తుందా? సరిగ్గా అదే ఎత్తు. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అంచు అక్కడ ఆగుతుంది. మనం మాత్రం దాన్ని త్రీఫోర్త్ అంటున్నాం. టేపు పట్టుకున్నవాళ్లు పెట్టిన పేరులా ఉంటుంది, నాకు చాలా ఇష్టం.

ప్యాంటు మడిచి పైకి ఎత్తుకోవడం అందరూ చేసిందే. అయితే మడిచిన ప్యాంటు వేరు, ఆ పొడవుకే కత్తిరించిన ప్యాంటు వేరు. ఇక్కడే నాకు సోన్యా మీద గౌరవం పెరిగింది. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

ఈ రోజు నీ ప్యాంటులో లైక్రా కలిసి ఉంటుంది. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. లైక్రా 1958లో గానీ రాలేదు. 1948లో గుడ్డ గుడ్డే, సాగదు. సాగని గుడ్డతో కాలికి పట్టేలా కుట్టి, అంచుని పిక్క కింద సన్నటి చోట ఆపావనుకో. నిలబడితే అందంగానే ఉంటుంది. కూర్చోగానే మోకాలు గుడ్డని పైకి లాగుతుంది, అంచు పిక్క మీదికి ఎక్కి బిగుసుకుంటుంది, మళ్లీ లేచినా కిందికి జారదు. మెట్లెక్కితే ప్రతి అడుగుకీ కోసుకుంటుంది. వేసుకునేటప్పుడు మడమ దూరడం ఇంకో ఇబ్బంది. వెడల్పు పెంచితే ఆ కష్టాలు పోతాయి, సొగసూ పోతుంది. అప్పుడు చేయాల్సింది ఒక్కటే, పక్క కుట్టు చివర కాస్త విప్పి వదలాలి. పిక్క ఉబ్బినప్పుడు అది విచ్చుకుంటుంది, కాలు చాపగానే మూసుకుంటుంది.

బొమ్మ మీద ప్యాంటు తొడిగి చూసుకునేవాళ్లకి ఈ ఆలోచన రాదు. తను వేసుకుని, కూర్చుని లేచి, మెట్లెక్కి దిగిన మనిషికే వస్తుంది. నేనిది పుస్తకం చూసి చెప్పడం లేదు. మన షాపులో పిన్నులు పెట్టి కట్టి చూసిన ప్రతి సన్న ప్యాంటూ నాకు ఈ సంగతే చెప్పింది. నీ ప్యాంటుకి కట్ లేకపోవడం చూసి మనసు చివుక్కుమంది. లైక్రా ఉంది కదా, దేనికిలే అనుకుని ఉంటారు.

మరి ఆమె పేరు ఎందుకు మరుగున పడింది, పూచీ పేరు ఎందుకు వెలిగింది? పూచీ దుకాణం సరైన ఒడ్డున ఉంది, ఫొటోలు తీసేవాళ్లు అక్కడికే వచ్చేవాళ్లు. ఓడిపోయిన దేశంలో, కూలిన ఊళ్లో కుట్టే అమ్మాయి గుమ్మం ముందు కెమెరా ఎవరు పెడతారు? 1953లో ‘రోమన్ హాలిడే’ సినిమా వచ్చింది. ఆడ్రీ హెప్‌బర్న్ వెడల్పు స్కర్టు, పెద్ద బెల్టు కట్టి రోమ్ వీధుల్లో తిరుగుతుంది. దుస్తులకి ఎడిత్ హెడ్‌కి ఆస్కార్ వచ్చింది. అవి సోన్యా కాప్రి కలెక్షన్ నుంచి వచ్చినవేనని ఆమె వైపువాళ్లు అంటారు. మరుసటి ఏడాది ‘సబ్రీనా’లో అదే హెప్‌బర్న్ నల్లటి పొట్టి ప్యాంటులో కనబడింది. ఇక లోకమంతా పాకింది.

ఈ విషయం రాస్తుంటే నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. నీకు ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు ఐదో తరగతిలో ఉండగా ఒక పెళ్లికూతురికి వీపు వైపు తామర రేకుల్లా ఆరు ముక్కలు కలిపి బ్లౌజు మెడ కుట్టాను. మూడు రాత్రులు పట్టింది. రెండు నెలలు తిరక్కుండా ఒక పెద్ద షాపు అద్దాల వెనక బొమ్మకి అదే మెడ చూశాను, రేకు రేకు అదే కొలత. కింద వాళ్ల పేరుతో చీటీ. లోపలికి వెళ్లి అడగలేదు. ఏమని అడుగుతాను, మెడకి పట్టా ఉంటుందా? ఇంటికొచ్చి అన్నం తినలేక పడుకున్నాను. తలనొప్పనుకుని నువ్వు నా కాళ్ల దగ్గర కూర్చుని లెక్కలు చేసుకున్నావు. సోన్యా సంగతి చదువుతుంటే ఆ రాత్రి మొత్తం కళ్ల ముందుకొచ్చింది.

అయినా ఈ కారణంతో పూచీని తక్కువ చేయను. అతను రంగులు చూసిన చూపు వేరు. పైగా ఆ రోజుల్లో ఆడవాళ్ల కాళ్లకి ప్యాంటు తొడిగిన ప్రతివాళ్లూ గొడవ నెత్తిన పెట్టుకున్నవాళ్లే. పారిస్‌లో ఆడవాళ్లు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి కావాలని 1800లో పెట్టిన నిబంధన ఒకటి ఉండేది. ఎవరూ పట్టించుకోకపోయినా కాగితం మీద అది అలాగే ఉండిపోయింది. చెల్లదని ప్రభుత్వం ప్రకటించింది 2013లో. అప్పటికి నువ్వు జీన్స్ వేసుకుని స్కూలు పిక్నిక్‌కి వెళ్లొచ్చావు.

అమెరికా టీవీలో 1961లో మొదలైన ‘డిక్ వాన్ డైక్ షో’లో మేరీ టైలర్ మూర్ ఇల్లాలి వేషం వేసింది. టీవీలో ఇల్లాలంటే అప్పటిదాకా ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా గౌనే. ఆమె కాప్రి ప్యాంటు వేసుకుంది. ఇంట్లో తనూ, తనకి తెలిసిన ఆడవాళ్లూ గౌను వేసుకుని ఇల్లు శుభ్రం చేసుకోరని చెప్పింది. ఒంటికి మరీ పట్టినట్టుందని ప్రకటనలిచ్చే కంపెనీలు కంగారుపడ్డాయి. ఎన్ని సీన్లలో వేసుకోవచ్చో లెక్కలు కట్టారు. ఆ లెక్క ఎక్కువ కాలం నిలవలేదు, అమెరికా ఆడవాళ్లు ఆ ప్యాంటు కొనేశారు. నేను పంజాబీ డ్రెస్సులు కుట్టడం మొదలుపెట్టిన కొత్తలో మీ నాయనమ్మ ‘ఇవి ఎవరేసుకుంటారే’ అంది. తర్వాత మీ అత్తకి మూడు జతలు నా చేతే కుట్టించింది.

కాబట్టి మీ రూమ్మేటుతో పోట్లాడకు. ఆ పొడవు వాళ్ల జాలర్లదేనని ఒప్పుకో, వాళ్ల భాషలో పేరే సాక్ష్యం. దాన్ని పెద్దింటి ఆడవాళ్ల ఒంటి మీదికి ఎక్కించినవాడు పూచీ అనీ ఒప్పుకో. కాప్రి అనే పేరు, పక్కన ఆ కట్ మాత్రం మ్యూనిక్‌లో సోన్యా డి లెనార్ట్ అనే ఆవిడవని చెప్పు. పేరు పూర్తిగా చెప్పు, ‘ఎవరో జర్మన్ ఆవిడ’ అనకు. మీ ఇంటావిడకి నా నమస్కారాలు చెప్పు. ఆమె చిన్నతనంలో ఆ ప్యాంట్లు ఎలా ఉండేవో, ఇంట్లో ఎవరైనా వేసుకునేవాళ్లేమో అడిగి నాకు రాయి.

ఇంకో పని. ఈసారి నీ కొలతలు సరిగ్గా తీసి పంపు. నడుం, సీటు, నడుం నుంచి మోకాలు, నడుం నుంచి చీలమండ. మోకాలు చుట్టు కొలత నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి తియ్యి. పిక్క కూడా రెండు రకాలుగా, రెండు కాళ్లకీ. పిక్క ఎక్కడ సన్నబడుతుందో అక్కడ పెన్నుతో గీత పెట్టి, నేల నుంచి ఎన్ని అంగుళాలో చూడు. మీ స్నేహితురాల్ని టేపు పట్టుకోమను, నీ అంతట నువ్వు వంగి తీస్తే కొలత తప్పుతుంది. మంగళగిరి నూలు గుడ్డ నేవీ బ్లూ రంగులో తెచ్చిపెట్టాను, రెండుసార్లు తడిపి ఆరేశాను, ఇక ముడుచుకోదు. ముందు జిప్పు వద్దు, ఆ కాలం తీరులో ఎడమ పక్కన పెడతాను. లైక్రా దారం ఒక్కటి కూడా ఉండదు. కింద రెండంగుళాల కట్, లోపల మడతకి కాస్త ఎక్కువ గుడ్డ వదులుతాను. చలికాలానికి నువ్వు ఒళ్లు చేస్తే విప్పి వదులు చేసుకోవచ్చు.

వచ్చే నెల మన వీధి అబ్బాయి అటు వస్తున్నాడట, పచ్చడితో పాటు అతని చేత పంపిస్తాను. కొలతలు ఈ గురువారం లోపు పంపు.

ప్రేమతో,
అమ్మ