లెక్కలు రాని పిల్లాడు, ఒక సిఫారసు ఉత్తరం

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం, వందనాలు.

అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు దిద్దడం పూర్తయింది. మార్కుల సంగతి చివర్లో చెబుతాను. ముందు ఇంకో విషయం.

పోయిన పేరెంట్స్ మీటింగులో పదో తరగతి పిల్లాడి తల్లి నా గదిలోకొచ్చింది. "సార్, వీడికి లెక్కలు ఎక్కవు. టెన్త్ గట్టెక్కితే చాలు, దేవుని సేవకు పంపించేస్తాం. పసివాడప్పుడు జ్వరమొచ్చి చావుబతుకుల్లో ఉంటే దేవునికి సమర్పించేశాం. మీరొక లెటర్ ఇస్తే పాస్టరు చదువు చెప్పే సెమినరీలో చేర్చుకుంటారంట" అంది. పిల్లాడు తల వంచుకుని బొటనవేలితో గచ్చు మీద గీతలు గీస్తున్నాడు.

లెటర్ ఇవ్వలేదు. ఆమెకు నోటితో చెప్పింది చాల్లేదనిపించి ఇప్పుడు అందరికీ రాస్తున్నాను. హిందూ, ముస్లిం కుటుంబాల పిల్లలు చాలామంది ఉన్న బడి మనది. ఇది మాకు కాదులే అని మీరు పక్కన పెట్టకండి. పిల్లాడు పుట్టకముందే వాడి చదువు తేల్చేసే ఇళ్లు చిత్తూరులో ఏ వీధికి పోయినా ఉన్నాయి.

నన్నూ మా నాన్న అలాగే పంపాడు. ఇంటర్ తప్పాను, పెట్టె సర్ది ఒక బైబిల్ స్కూల్లో దించి వచ్చేశాడు. అక్కడున్న తొమ్మిది నెలల్లో చదివినదానికన్నా కొబ్బరి ఈనెలు చీల్చి చీపుర్లు కట్టిందే ఎక్కువ. ప్రశ్న అడిగితే విశ్వాసం తక్కువ అనేవారు. తిరిగొచ్చి, ఇంటర్ మళ్లీ కట్టి, డిగ్రీ, బి.ఎడ్. చేశాను. నా పిలుపు సుద్దముక్కలో ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ స్కూలునే మనసులో పెట్టుకుని సెమినరీలన్నిటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని, మొన్నొక శనివారం మన జిల్లాలోనే ఉన్న ఓ సెమినరీకి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. గ్రీకు క్లాసు. బోర్డు మీద 'న్యూమా' అని రాసుంది. యోహాను సువార్త మూడో అధ్యాయం, యేసు రాత్రిపూట నికొదేము అనే యూదు పెద్దతో మాట్లాడే చోటు. గ్రీకులో గాలికీ, ఆత్మకూ అదే మాట. మన తెలుగు బైబిల్లో ఒకచోట 'గాలి' అయింది, ఇంకోచోట 'ఆత్మ' అయింది. "ఒక్క మాటతోనే చెప్పగలమా?" అని అయ్యవారు అడిగారు. పుంగనూరు వైపు అబ్బాయి లేచి, "గాలి అనే అనొచ్చు సార్. కానీ మా ఊళ్లో గాలి సోకిందంటే వేపమండలు పట్టుకుని మంత్రగాడు దిగుతాడు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. అయ్యవారు మాత్రం నవ్వలేదు. "మరి రేపు మీ ఊళ్లో నువ్వు ప్రసంగం చేస్తుంటే, వినే ముసలమ్మకు ఏ గాలి తోస్తుంది?" అన్నారు. గంట కొట్టేదాకా ఆ ఒక్క మాట మీదే నడిచింది.

లెక్కలు తప్పించుకోవాలని వచ్చినవాడు అక్కడ ఏం చేస్తాడమ్మా? గ్రీకు క్రియల రూపాల ముందు మన ఎక్కాలు ఏపాటి? హీబ్రూ కుడి నుంచి ఎడమకు చదవాలి. ఉర్దూ వచ్చిన మన పిల్లలకైతే ఆ ఒక్కటీ సులువే! క్రైస్తవ వేదాంత డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్ పరిధిలోని కాలేజీల్లో బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) నాలుగైదేళ్ల చదువు. సంఘ చరిత్ర, ఇతర మతాల అధ్యయనం, కౌన్సెలింగ్ అన్నీ ఉంటాయి. ఆదివారాలు పల్లె సంఘాల్లో పరిచర్య. పాస్టరు గడప తొక్కేవాళ్లు వేదాంతం అడగడానికి రారు కదా. అప్పుల బాధ, మొగుడి తాగుడు, వేలూరు ఆసుపత్రిలో ఆపరేషను, ఇవీ వాళ్లు తెచ్చేవి.

ఆ సెనేట్ పేరులోని సెరంపూర్ బెంగాల్లో ఉంది. అక్కడి కాలేజీని 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే ఇంగ్లీషు మిషనరీలు పెట్టారు. కేరీ ఇంగ్లండులో చెప్పులు కుట్టి బతికినవాడు. క్రైస్తవ పిల్లలతో పాటు ఇతరులకూ, మన దేశపు సాహిత్యం, యూరపు శాస్త్రాలు రెండూ నేర్పాలని తలపెట్టారు. అంతకుముందు 1812లో వాళ్ల ప్రెస్సు తగలబడినప్పుడు కేరీ తెలుగు వ్యాకరణం రాతప్రతీ బూడిదైంది. కూర్చుని మళ్లీ రాసి 1814లో అచ్చు వేయించాడు.

మిషనరీ అంటే దొర అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. బిషప్ అజరయ్య తిరునెల్వేలి వైపు తమిళుడు. తెలుగు నేర్చుకుని దోర్నకల్ ప్రాంతంలో పనిచేశారు, 1912లో ఆంగ్లికన్ సంఘానికి, అంటే ఇంగ్లండు చర్చి శాఖకు, తొలి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల సభలో, పాశ్చాత్య మిషనరీల ముందే నిలబడి, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. ఇంట్లో అరవం, బడిలో తెలుగు మాట్లాడే మన పిల్లలకు ఆయన దారి అంత దూరమేం కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో పలు మిషన్లు కలిసి క్షయ ఆసుపత్రి తెరిచాయి. అక్కడ రోగుల పక్కబట్టలు మార్చిన నర్సుదీ సేవే.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో స్త్రీలకు గురుత్వాభిషేకం ఉంది, అంటే వాళ్లూ పాస్టర్లు కావచ్చు. 2013లో నంద్యాల డయాసిస్‌కు, అంటే ఆ ప్రాంతపు చర్చిలన్నిటికీ, బిషప్ అయిన పుష్పలలిత గారే ఆ సంఘంలో తొలి మహిళా బిషప్.

ఇకమీదట సెమినరీకి నా లెటర్ కావాలంటే పిల్లలే నా గదికి రావాలి, అమ్మానాన్నలు బయట బల్ల మీద కూర్చోవాలి. అది కూడా డిగ్రీ అయ్యాక. అప్పటికి నేను రిటైరైపోయుంటే ఇంటికి రండి, కాఫీ ఇచ్చి మరీ రాసిస్తాను.

ఆ పిల్లాడిని మరునాడు ఒక్కడినే పిలిచి, "నీకేమవ్వాలనుందిరా?" అని అడిగాను. "ఇంకా తెలీదు సార్" అన్నాడు. పదిహేనేళ్లవాడు అంతకంటే నిజం ఏం చెబుతాడు? సోమవారం నుంచి బడి వదిలాక గంటసేపు లెక్కల క్లాసు పెడుతున్నాం. వాడితో పాటు లెక్కల్లో తప్పిన ఎవరైనా కూర్చోవచ్చు, ఫీజు లేదు.

ప్రోగ్రెస్ కార్డులు క్రిస్మస్ సెలవులకు ముందు రోజు ఇస్తాం. సంతకం తల్లిదండ్రులే చేయాలి. పోయినసారి రెండు కార్డుల మీద అన్నయ్యల సంతకాలున్నాయి, గుర్తుపట్టాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు