సంక్రాంతి నుంచి ఉగాది దాకా వేసిన ఫొటోల గురించి

సంక్రాంతి నుంచి ఉగాది మధ్యలో మా షాపులో ఫొటోలు ప్రింట్ తీయించుకున్నవాళ్లు ఎవరైనా సరే, మొహాలు తేడాగా వచ్చాయనిపిస్తే ఆ ప్రింట్లు పట్టుకొచ్చేయండి. పైసా తీసుకోకుండా మళ్లీ వేసిస్తాను. బిల్లు పోయినా పర్వాలేదు, మా షాపు కవరు ఉంటే చాలు. కవరు కూడా లేకపోతే నా మొహం గుర్తుపడితే చాలు.

ఎందుకిలా జరిగిందో కూడా చెప్పాలి. చెప్పకపోతే, "మారతహళ్లిలో ఆ మదనపల్లె ఆయన నాసిరకం ఇంకు పోస్తున్నాడంట" అనే మాట ఒకటి మిగిలిపోతుంది. అప్పుడే పీజీల్లో ఆ మాట తిరుగుతోందని నాకు తెలుసు. బయటి ఇంకు పోసిన మాట నిజమే. కానీ రంగులు చెడిపోయింది ఆ ఇంకు వల్ల అనడం కంటే, దాన్ని ఎలా వాడాలో తెలుసుకోకుండా పోసిన నా వల్ల అనడం న్యాయం.

మా దగ్గరున్న ఫొటో ప్రింటరు ఎప్సన్ ఎల్‌805. మామూలు ఆఫీసు ప్రింటరులో నాలుగు రంగులుంటే దీంట్లో ఆరు: నలుపు, సయాన్ (ఆకాశనీలం లాంటిది), మెజెంటా (ముదురు గులాబీ లాంటిది), పసుపు, వీటికి తోడు లైట్ సయాన్, లైట్ మెజెంటా. చర్మం రంగు నున్నగా, చుక్కలు కనపడకుండా రావాలంటే ఆ రెండు లైట్ రంగులే ఆధారం. కంపెనీ బాటిల్ ఒక్కోటి 70 మిల్లీలీటర్లు. జనవరిలో షాపు అద్దె పెరిగింది. ఫోర్ బై సిక్స్ పది రూపాయల నుంచి పెంచితే పీజీ కుర్రాళ్లు పక్క సందులోకి వెళ్లిపోతారు. అందుకని బెంగళూరులో కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకి వెళ్లి, కంపెనీ ధరలో మూడో వంతుకి వచ్చే ఇంకు ఆరు రంగులూ తెచ్చుకున్నాను. అమ్మినతను "సేమ్ టు సేమ్ అన్నా" అన్నాడు. నేనూ నమ్మాలనుకున్నాను కాబట్టి నమ్మాను.

ఫిబ్రవరిలో ఒక అక్క వచ్చింది. వాళ్లమ్మ పోయి నెల కావస్తోంది. మాసికానికి దండ వేయడానికి ఎయిట్ బై టెన్ ఫొటో కావాలంది. ప్రింట్ చేతికిస్తే కాసేపు చూసి, "తమ్ముడూ, అమ్మ మొహం పచ్చగా వచ్చింది" అంది. పెద్దావిడ కదా, మొహానికి పసుపు రాసుకున్నప్పటి ఫొటో అయ్యుంటుందనుకుని పసుపు రంగు తగ్గించి ఇంకోటి తీశాను. ఈసారి మొహం నీలం తిరిగింది. చనిపోయిన మనిషి ఫొటోకి ఆ రంగు ఎంత ఘోరంగా ఉంటుందో మీరే ఊహించుకోండి. అప్పుడు ఆ అక్క, "పసుపుపచ్చ కాదు తమ్ముడూ, ఆకుపచ్చ" అంది.

పచ్చ అనే ఒక్క మాటతో మనం పసుపునీ చెప్తాం, ఆకునీ చెప్తాం. నా పనిలో ఆ రెండింటికీ మందు వేరు. పసుపు ఎక్కువైతే పసుపు తగ్గించాలి. ఆకుపచ్చ తిరిగిందంటే మెజెంటా చాలడం లేదని అర్థం. లైట్ మెజెంటా నాజిల్, అంటే ఇంకు చిమ్మే సన్న రంధ్రం, మూసుకుపోయినా మొహాలు ఇలాగే వస్తాయి, అందుకని ముందు ఆ రంధ్రాలు పనిచేస్తున్నాయో లేదో చూపే నాజిల్ చెక్ కాగితం తీశాను. గీతలన్నీ తెగకుండా నిండుగా వచ్చాయి. ఇంకు చిమ్మే హెడ్డులో తప్పు లేదు.

సరేనని కంప్యూటర్‌లో మెజెంటా ఎక్కువ తక్కువ చేసే స్లయిడర్ పైకి జరిపాను. మొహం దారికొచ్చింది గానీ తెల్ల జుట్టు గులాబీ రంగు అయిపోయింది, చీర ఆకుపచ్చ అంచు బురద రంగుకి తిరిగింది. ఇంకొంచెం తగ్గించి నాలుగోది తీశాను. ఆ అక్క దాన్ని చూసి, "చాల్లే తమ్ముడూ, పొద్దుపోయింది" అని డబ్బులిచ్చి వెళ్లిపోయింది. ఆ "చాల్లే" రాత్రంతా చెవిలో ఉండిపోయింది. బాగుందని ఒక్క మాట అనలేదు మరి.

తర్వాత కూర్చుని చదివితే, తెలిసినవాళ్లను అడిగితే అర్థమైంది. ప్రింటర్‌తో పాటు వచ్చే సాఫ్ట్‌వేర్‌లో, అంటే డ్రైవర్‌లో, ఒక్కో రంగుకి ఏ ఇంకు ఎంత చల్లాలో కొలతలు ముందే రాసుంటాయి. ఆ కొలతలు కంపెనీ ఇంకుకీ, కంపెనీ పేపర్లకీ సరిపోయేలా కట్టినవి. గుంటూరు కారానికి పెట్టుకున్న చెంచాల లెక్కతో బ్యాడగి కారం వేసి కూర చేస్తే ఏమవుతుంది? ఎర్రగా ఉంటుంది, ఘాటు మాత్రం ఉండదు. బ్యాడగి మిరపలో తప్పేముంది, లెక్క మార్చనిది మనం. నేను తెచ్చిన ఇంకులో మెజెంటా కంపెనీదాని కంటే పలచన. దానికి తగ్గట్టు లెక్క మారాలి. ఆ లెక్క స్లయిడర్‌తో మారదు, ఎందుకంటే స్లయిడర్ మొహాన్నీ జుట్టునీ చీరనీ కలిపి ఒకేసారి లాగేస్తుంది. జుట్టు నెరుపూ, సిమెంటు గోడా, బూడిద రంగు ప్యాంటూ చాలావరకు అన్ని రంగులూ కొంచెం కొంచెం కలిస్తేనే వస్తాయి. అందుకే తేడా ముందు అక్కడే బయటపడుతుంది.

ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. ట్యాంకుల్లో కంపెనీ ఇంకు పావు వంతు ఉండగానే కొత్తది పోసేశాను. ట్యూబుల్లో పాతది ఎలాగూ ఉంటుంది. అంటే మొదటి వారం ఒక రంగు, మూడో వారం ఇంకో రంగు. మధ్యలో మెజెంటా అయిపోతే ఆ కంపెనీ సరుకు లేదని వేరేది తెచ్చి పోశాను. మీలో కొందరికి ఒకే ఫొటో రెండుసార్లు తీయిస్తే రెండు రకాలుగా వచ్చింది ఇందుకే.

ఉగాది తర్వాత మూడు రోజులు షాపులో ఫొటో ప్రింట్లు ఆపేశాను, గుర్తుండే ఉంటుంది. ట్యాంకులు ఖాళీ చేసి, ట్యూబుల్లో పాత ఇంకు పోయేదాకా లాగించి, బయటి ఇంకే అయినా ఆరు రంగులూ ఒకే కంపెనీవి, ఒకే లాటువి పోశాను. ఈసారి ఆరు నెలలకు సరిపడా ఒకేసారి కొనిపెట్టుకున్నాను. తర్వాత పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఒక మిత్రుణ్ణి పట్టుకున్నాను. ఆయన దగ్గర రంగుల్ని కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంది, నా చేతిలో కంప్యూటర్ మౌస్ అంత ఉంటుంది. మొదట డ్రైవర్‌లో కలర్ సర్దుబాటు మొత్తం ఆపేసి, వందల కొద్దీ చిన్న చిన్న రంగుల గళ్లున్న షీట్లు ప్రింట్ తీశాం. ఒక రోజంతా ఫ్యాన్ కిందకి రాకుండా ఆరబెట్టాం, ఎందుకంటే ఇంకు ఆరేకొద్దీ రంగు కాస్త జరుగుతుంది. మర్నాడు ఆ మిషన్‌ని వరస వెంట వరస జరుపుతూ ప్రతి గడినీ కొలిచాం. కంప్యూటర్ పంపిన రంగు ఏది, కాగితం మీద పడిన రంగు ఏది అని పోల్చుకుని సాఫ్ట్‌వేర్ ఒక ఫైలు తయారుచేస్తుంది. దాన్నే ఐసీసీ ప్రొఫైల్ అంటారు. క్రికెట్ ఐసీసీ కాదు లెండి. ఆపిల్, అడోబీ, కొడక్ లాంటి కంపెనీలు కలిసి 1993లో పెట్టుకున్న ఇంటర్నేషనల్ కలర్ కన్సార్షియం.

ఆ ప్రొఫైల్ పెట్టిన మొదటి రోజే మళ్లీ దెబ్బతిన్నాను. ఫొటోషాప్‌లో ప్రొఫైల్ ఎంచుకున్నాను, డ్రైవర్‌లో కలర్ సర్దుబాటు ఆపడం మర్చిపోయాను. ఇద్దరు వైద్యులూ ఒకే జ్వరానికి మందిచ్చినట్టయింది. ఎనిమిది మంది పాస్‌పోర్ట్ ఫొటోలు, ఎనిమిది మందీ ఎండలో పది కిలోమీటర్లు నడిచొచ్చినట్టు ఎర్రగా. అవి ఎవరికీ ఇవ్వలేదు, నా దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు మానిటర్ అంచున చీటీ అంటించుకున్నాను: "రెండోది ఆపావా?"

మీ వైపు నుంచి మారేవి కొన్ని ఉన్నాయి. ప్రొఫైల్ అనేది ఆ ఇంకుకీ, ఆ పేపరుకీ, డ్రైవర్‌లో ఆ పేపరు సెట్టింగుకీ కలిపి తయారైనది. పేపరు మారితే అది చెల్లదు. అందుకని ఇకమీదట మనుషుల ఫొటోలకి రెండే రకాలు: 270 జీఎస్‌ఎం (కాగితం మందాన్ని చెప్పే లెక్క) మెరిసే గ్లాసీ ఒకటి, మెరవని మ్యాట్ ఒకటి. పల్చటి 180 జీఎస్‌ఎం గ్లాసీ స్కూలు ప్రాజెక్టులకు మాత్రమే. మీరే పేపరు తెచ్చి వేయమంటే వేస్తాను గానీ రంగుకి పూచీ నాది కాదు. ఇంకోటి, పది నిమిషాల్లో కావాలని తొందరపెట్టకండి. తడి ఆరకముందే ప్లాస్టిక్ కవర్లో పెడితే పైన మబ్బు పట్టినట్టవుతుంది. గంట ఆగండి, కాఫీ తాగి రండి. ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది సైజు కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ఇంత చేసినా కొన్ని రంగులు రావు. ఫోన్ తెర వెలుతురు వెదజల్లుతుంది, కాగితం తన మీద పడిన వెలుతురునే తిరిగిస్తుంది. నెమలికంఠం పట్టుచీర, తెర మీద కళ్లు చెదిరే రాణీ గులాబీ, ఎల్‌ఈడీ లైట్ల ఊదా రంగు, ఇవి కాగితం మీద ఒక మెట్టు దిగే వస్తాయి. కంపెనీ ఇంకుతో తీసినా అంతే. జరీ బంగారంలా మెరవదు, ప్రింటర్‌లో బంగారం రంగు లేదు కదా. ఫోన్ వెలుతురు ఫుల్లుగా పెట్టుకుని పక్కన ప్రింట్ పట్టుకుని "డల్‌గా ఉంది" అంటే నేను ఒప్పుకోను. పట్టుచీర కొనేటప్పుడు షాపు బయటికి తెచ్చి వెలుతురులో చూస్తాం కదా, ఫొటో కూడా అలాగే చూడండి. మా ట్యూబులైటు కింద ఒకలా, మీ ఇంట్లో పసుపు బల్బు కింద ఒకలా కనిపించడం సహజం.

ఇక చెప్పడానికి ఇష్టం లేకపోయినా చెప్పాల్సింది ఒకటి. కంపెనీవాళ్లు ఫొటో ఇన్నేళ్లు నిలుస్తుందని చెప్పే లెక్క వాళ్ల ఇంకు, వాళ్ల పేపరు కలిస్తేనే. నేను పోసే ఇంకుకి అలాంటి లెక్క ఏదీ లేదు. అందుకని సొంతంగా చూశాను. రెండు ఇంకులతో ఒకే ఫొటో తీసి, సగం అట్టముక్కతో మూసి, పడమటి కిటికీకి రెండు నెలలు అంటించాను. అట్ట తీస్తే కంపెనీ ఇంకుది కొంచెమే వెలిసింది. నాది బాగా వెలిసింది, అందులోనూ మెజెంటా ముందు పోయింది. అంటే మొహం మళ్లీ ఆకుపచ్చకే. ఆల్బమ్‌లో మూసి పెట్టుకునే ఫొటోలకీ, పాస్‌పోర్ట్, వీసా ఫొటోలకీ దీనితో ఇబ్బంది లేదు. గోడకి పెట్టే ఫొటోలు, దండ వేసే ఫొటోలు మాత్రం ఇకమీదట రెండో ప్రింటర్లో కంపెనీ ఇంకుతోనే తీస్తాను. దానికి ఎయిట్ బై టెన్ మీద ముప్పై రూపాయలు ఎక్కువ తీసుకుంటాను. ఫోర్ బై సిక్స్ పది రూపాయలే.

ఆ అక్క నంబరు ఆర్డర్ల పుస్తకంలో ఉంటే మొదటి ఫోను ఆమెకే చేశాను. ఆదివారం వచ్చింది. కొత్త ప్రింట్ తీసుకుని మెట్ల మీదికి వెళ్లి ఎండలో అటూ ఇటూ తిప్పి చూసింది. జుట్టు దగ్గర వేలు పెట్టి, "ఇది సరిగ్గా వచ్చింది" అంది. పాత నాలుగూ చించేద్దామని చెయ్యి చాపితే ఇవ్వలేదు. "ఎట్లున్నా అమ్మే కదా తమ్ముడూ" అని అన్నీ బ్యాగులో పెట్టుకుంది.

మిగతావాళ్లు మాత్రం పాతవి నాకిచ్చి వెళ్లండి, పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి కావాలి. సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది వరకు ఉంటాను. మధ్యాహ్నం వెలుతురు ఉన్నప్పుడు వస్తే ఇద్దరం కలిసే చూసుకోవచ్చు.